నాలుగు మూలలా పసుపు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు అమీర్‌పేటలోని జిరాక్స్ షాపులో ఫైలు తెరిచాను. పైనున్న కాగితానికి నాలుగు మూలలా పసుపు ఉంది.

అది మా గైడ్ సంతకం చేసి, డిపార్ట్‌మెంట్ సీలు వేసి ఇచ్చిన పత్రం. చెరువుల అడుగు మట్టిలో గాలి లేకుండా బతికే సూక్ష్మజీవుల మీద పరిశోధనకు ఫెలోషిప్ అడుగుతున్నాను. ఆ పత్రాన్ని స్కాన్ చేసి సాయంత్రం ఐదులోగా దరఖాస్తుతో పాటు పంపాలి. మరుసటి ఏడాదికి నా వయసు పరిమితి దాటిపోతుంది. గైడ్ గారు ఆ ఉదయమే రైలెక్కి ఊరెళ్లారు.

అమ్మ పక్కనే ఉంది. ఆఫీసుకు సగం పూట సెలవు పెట్టి ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి నాతో వచ్చింది. మెట్రోలో పంజాగుట్ట దాటుతుంటే మేడల మీద ఆరేసిన బట్టలు మా కిటికీ ఎత్తున వచ్చి, చప్పుడు లేకుండా వెనక్కి పోయాయి.

"మట్టిలో వాటికి ఊపిరెలా ఆడుతుందే?" అని అడిగింది.

"ఉన్నదాంతో సరిపెట్టుకుంటాయి."

"మన క్వార్టర్స్‌లోలాగా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ప్రయాణం చాలా సేపు సాగినట్టు ఉంటుంది. నిజానికి నాలుగైదు నిమిషాలు.

షాపతను కాగితాన్ని వెలుతురుకు పట్టుకున్నాడు. "గిదేంది అక్కా, పెళ్లి పత్రికనా?"

మా ఇంట్లో ఏ దరఖాస్తయినా పసుపు అంటకుండా గడప దాటేది కాదు. నా పదో తరగతి పరీక్ష ఫారానికీ, అమ్మ బదిలీ అర్జీకీ అంటింది. వాటిని ఎవరూ తిప్పి పంపలేదు. ఈసారి తడి పసుపు కింది మూలలో సీలు మీదికి పాకింది. ఊదా సిరా కరిగి అక్షరాలు అలుక్కుపోయాయి. సీలు చదవడానికి వీలుగా లేకపోతే దరఖాస్తు పరిశీలించరని సూచనల్లో ఉంది.

"నిన్నెవరు రాయమన్నారమ్మా? ఇవి నీ పూజ కాగితాలు కావు" అన్నాను. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నయమని తర్వాత అనుకున్నాను. అరిచిన మాటలు మా ఇంట్లో సాయంత్రానికి మరిచిపోయేవాళ్లం.

అమ్మ హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో పట్టుకుంది. "మూలకే కదా అనుకున్నాను" అంది.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా, జర ఆగుండ్రి" అన్నాడు షాపతను. కాగితాన్ని అద్దం మీద పరిచి, మూత మీద కోచింగ్ పుస్తకాల కట్ట పెట్టాడు. మూత అంచు కింద వెలుగు ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా జరిగింది. మళ్లీ మొదటికి వచ్చింది. మూడోసారికి సీలులో అక్షరాలు కూడబలుక్కుంటే చదవగలిగేలా తేలాయి.

"గిప్పుడు సూడు అక్కా. పసుపు సుత మస్తుగ వచ్చింది."

నాలుగున్నరకు పంపాను. ఫెలోషిప్ వచ్చింది. ఆ రోజు అమ్మ పాయసం చేసింది కానీ పసుపు మాట ఎత్తలేదు.

రెండేళ్లకు, ఫెలోషిప్ కొనసాగించమని నివేదిక పంపాల్సి వచ్చింది. సంతకమైన కాగితాన్ని ఉదయం వంటింటి బల్ల మీద, పసుపు డబ్బా పక్కనే వదిలి వెళ్లాను. పసుపు రాయమని నోరు తెరిచి అడగడం నాకు చేతకాలేదు. సాయంత్రం వచ్చేసరికి అది ప్లాస్టిక్ కవర్లో ఉంది.

"తడి తగలకుండా పెట్టానే" అంది అమ్మ. నాలుగు మూలలూ తెల్లగా ఉన్నాయి.

అమ్మ పోయి ఏడాదైంది. క్వార్టర్స్ ఖాళీ చేసి ఎస్.ఆర్. నగర్‌లో గది తీసుకున్నాను. ఆ బల్ల నాతోనే ఉంది. పోయిన వారం థీసిస్ సమర్పించే ఫారం దాని మీద పెట్టి, పసుపు డబ్బా తెరిచాను. అమ్మ ఏ మూల నుంచి మొదలుపెట్టేదో నేనెప్పుడూ చూడలేదు. మూత పెట్టేశాను.

ఇప్పుడు మా కాగితాలకు పసుపు రాయడం లేదు.