మిద్దె మీద మా అన్న

ఎనభై రెండులో, నేను పదో తరగతి చదువుతున్నప్పటి మాట. ధర్మవరం దగ్గర పల్లె మాది. మగ్గం నేసే మా అన్నకు కొన్నాళ్లుగా నిద్ర లేదు. ఎవరో తనను చంపడానికి వస్తున్నారని వణికిపోయేవాడు. ఒక మధ్యాహ్నం కొడవలి పట్టుకుని మిద్దె ఎక్కాడు. ఇరుగుపొరుగు భయపడి పోలీసులను పిలుచుకొచ్చారు.

లాఠీలతో ఇద్దరు మెట్లెక్కగానే అన్న వెనక్కి జరుగుతూ మిద్దె అంచుకు చేరాడు.

"సార్, దిగిపోండప్పా! మిమ్మల్ని చూసే వాడు బెదురుతాండాడు" అని అమ్మ అరిచింది.

వాళ్లు దిగారు. అమ్మ ఒక్కతే పైకి వెళ్లి కాస్త దూరంగా కూర్చుంది. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదా నాయనా. ఈడికి రా, నేనుండాను" అంది. చాలాసేపటికి అన్న కొడవలి కింద పెట్టి, ఆమె ఒడిలో తల దాచుకుని ఏడ్చాడు.

కిందికి రాగానే పోలీసులు అతని చేతులు తాడుతో కట్టారు.

"వాడేం దొంగతనం చేసినాడు సార్? జబ్బు మనిషి, ఆస్పత్రికి తీసకపోదాం" అని అమ్మ వాళ్ల కాళ్లు పట్టుకుంది. వినకుండా బజారు వెంట నడిపించుకుపోయారు.

మరునాడు వదిలిపెట్టాక అనంతపురం డాక్టరు మందులిచ్చాడు, కొన్నాళ్లకు జబ్బు నయమైంది. ఆ రోజు లాఠీలకు బదులు ఒక నర్సమ్మ వచ్చి ఉంటే ఎంత బాగుండేదో! ఆ తర్వాత అమ్మ ఎప్పుడు పెళ్లి చేసుకోమన్నా అన్న తల వంచుకుని, "కట్టేసి తీసకపోతాంటే ఊరంతా చూసింది కదమ్మా" అనేవాడు.