పేకలో వచ్చిన మరక

ఆల్చిప్పను కత్తితో విప్పగానే పచ్చి బురద వాసన గుప్పుమంటుంది. ల్యాబులో చేరి ఇన్నేళ్లైనా ఆ వాసనకు నాకు ముందు గుర్తొచ్చేది మా పక్కింటి మొగిలి మామే. ఆయన చదివింది నాలుగో తరగతి. అయినా నాకు ఆలోచించడం ఎవరు నేర్పారని అడిగితే ఇంకో పేరు చెప్పలేను.

పద్మనగర్‌లో మావి ఒకే చాలులో, అంటే వరుస గదుల ఇంట్లో, ఆనుకున్న గదులు. మరాఠీ సీమలోని ఆ మగ్గాల ఊళ్లో మాలాంటి తెలుగువాళ్లు చాలామంది. మామ నార్పోలిలో ఓ మగ్గాల షెడ్డులో నేసిన గుడ్డను తనిఖీ చేసేవాడు. మరక కనిపిస్తే వేలితో రుద్ది, గుడ్డను వెలుతురుకు ఎత్తి చూసేవాడు. మగ్గం మీది నుంచి కారిన నూనె బొట్టైతే గుండ్రంగా ఉంటుంది, సబ్బుకు పోతుంది. కండెకు చుట్టిన నూలుకే నూనె అంటి ఉంటే, మరక అడ్డపోగు అయిన పేక వెంట గీతలా సాగుతుంది, ఓ పట్టాన వదలదు. ఆ తేడా చూడకుండా మగ్గం నడిపేవాణ్ణి ఎవరైనా తిడితే మామకు ఒళ్లు మండేది.

ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు ఆల్చిప్పల మీద. అవి నీళ్లు పీల్చి, అందులోని సన్నటి నాచును వడకట్టుకుని తింటాయి. రెండు తొట్లు పెట్టాను. మొదటిదాంట్లో నీళ్లలోనే మగ్గం నూనె కలిపాను. రెండోదాంట్లో మంచినీళ్లే, కానీ తిండికి వేసింది ఆ నూనె నీళ్లలో పెంచి కడిగిన నాచు. తీరా చూస్తే మంచినీళ్ల తొట్టిలోని ఆల్చిప్పల్లోనే నూనె విషం ఎక్కువ తేలింది. చీటీలు తారుమారు చేశాననుకుని మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ అదే. నాకు బుర్ర పనిచేయలేదు. నేను చదువుకు పనికిరాననే అనుకున్నాను.

సాయంత్రం వరాలా తలావ్ చెరువు గట్టు మీద నడుస్తూ మామకు ఇదంతా చెప్పుకున్నాను. ఆయన వెంటనే అందుకున్నాడు.

"నీళ్లు ఇడిసిపెట్టు బిడ్డా. అవి ఏం తింటున్నయో సూడు. మీదికెళ్లి పడ్డ మరక వేరు, పేకల వచ్చిన మరక వేరు."

సంతోషం పట్టలేకపోయాను. నాచులోని జిడ్డుకు విషం అంటుకుంటుందనీ, తిండితో లోపలికెళ్లి ఆల్చిప్ప కొవ్వులో నిలిచిపోతుందనీ గడగడా చెప్పుకుపోయాను. మామ నడక ఆపేశాడు.

"మూడు దినాలు నల్లా నీళ్లల్ల ఉంచితె పోదా?"

ఎందుకు మామా అన్నాను నవ్వుతూ. అప్పుడు చెప్పాడు. ఆయన కూతురు సరితక్క కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది, అప్పటికి ఏడో నెల. ఆల్చిప్పల కూర తింటే రక్తం పడుతుందని చాలులో అందరూ మౌషి, అంటే పిన్ని, అని పిలిచే మరాఠీ ఆవిడ చెప్పిందట. అత్త లేదు కనుక మామే ప్రతి ఆదివారం మగ్గాల షెడ్ల నీళ్లు కలిసే ఊరి బయటి కాలువలో ఏరుకొచ్చి, ఇసుక కక్కేదాకా నల్లా నీళ్లలో ఉంచి, తన చేత్తో వండి పెడుతున్నాడు. ఇసుక పోతే అంతా పోయినట్టే అనుకున్నాడు.

"మొత్తం పోదు మామా."

"మరి పిల్లకు ఏమైతది?"

ఏమీ కాదులే అందామనుకున్నాను.

"తెల్వదు మామా" అన్నాను.

"తెల్వదన్నవ్, మంచిగైంది. ఏం గాదంటె నమ్మేటోణ్ణి, మల్ల ఆదివారం పోయేటోణ్ణి."

ఇంటికెళ్లగానే కూతురికి తనే చెప్పాడు. ఆమె చాలా ఏడ్చింది, కాన్పయ్యేదాకా తండ్రి చేతి వంట ముట్టలేదు. ఆడపిల్ల పుట్టింది, చూడ్డానికి నిక్షేపంగానే ఉంది. మామ పోయి రెండేళ్లయింది.

ఇప్పుడు నా దగ్గరికి ఆల్చిప్పలు పరీక్షకు తెచ్చేవాళ్లంతా అడిగేది ఒక్కటే, ఇవి తినొచ్చా అని. తిండితో ఎంత లోపలికి పోయిందో చెప్పగలను. అది ఏ ఒంట్లో ఏం చేస్తుందో చాలాసార్లు చెప్పలేను. అప్పుడు తెలియదనే రాసి సంతకం పెడతాను. అది నిజాయితీయో చేతకానితనమో నాకే అంతుపట్టదు. ఆ పిల్లకు ఆరేళ్లు నిండాయి. జ్వరం వచ్చిందని సరితక్క ఫోన్ చేస్తే మాత్రం, ఆ రోజంతా నాకు పని సాగదు.