వరుసలో నాలుగో మెడ

రంజాన్ పండగ మొదటి రోజు మధ్యాహ్నం మా సందులో ఏ ఇంటి టీవీ చూసినా ఆ సినిమానే. పేరు ‘తాబేళ్ళ పటాలం’. నాకంటే వయసులో చాలా పెద్దది. పని ఎగ్గొట్టడం తప్ప మరో విద్య రాని బద్ధకస్తుడొకడు సైన్యంలో పడతాడు. కవాతుకి పిలిస్తే కడుపునొప్పి అంటాడు, వంటశాలలో బస్తాల వెనక దాక్కుని గురకపెడతాడు, చివరికి పొరపాటున పతకం గెలుస్తాడు. మా దమన్‌హూర్ ఊళ్ళో, రైల్వే స్టేషన్ వెనకున్న మా సందులో ఆ సినిమా చూడని మనిషి ఒక్కడే. ఇస్త్రీ ఖమీస్ బాబాయ్. ఆయన చూడలేదు. ఆయన అందులో ఉన్నాడు.

ఉన్నది ఒక్క సీనులోనే. పొద్దెక్కేదాకా నిద్రపోయిన సిపాయిల్ని వరుసగా నిలబెడతారు. లావుపాటి హవల్దారు వెనకనుంచి నడుస్తూ ఒక్కొక్కడి మెడ మీదా అరచేత్తో ఫెడీమని చరుస్తాడు. నాలుగోవాడు ముందుకి తూలతాడు, టోపీ ఎగిరి హీరో కాళ్ళ దగ్గర పడుతుంది. కెమెరా వాడి ముఖం దగ్గరికి వెళ్తుంది. ముఖమంతా మెలికలు తిరిగి, కళ్ళనిండా నీళ్ళు. “నవ్వాపుకోలేక చస్తున్నాడు చూడు! ఎంత సహజంగా చేశాడో!” అంటారు మావాళ్ళు. ఆ నాలుగోవాడే ఖమీస్.

చెంప మీద కొడితే కోపమొచ్చి కొట్టాడనుకుంటారు మా ఊళ్ళో. మెడ మీద కొడితే మాత్రం ఆ మనిషిని మనుషుల్లో లెక్కెయ్యలేదని అర్థం. అందుకే మా సినిమాల్లో దానికంత నవ్వు.

షూటింగుకి నిజం సిపాయిల్నే పంపారట, వాళ్ళలో ఖమీస్ ఒకడు. సైన్యంలో గడువు ముగించుకుని ఆయన తిరిగొచ్చేసరికి సినిమా ఊళ్ళో ఆడుతోంది. సందులోవాళ్ళు గుర్తుపట్టేశారు. మొదటి చరుపు ఎవరిదో ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఆ తరవాత అది అలవాటైపోయింది. ఆయన పెళ్ళి ఊరేగింపులో బాజాల మధ్య స్నేహితులు వంతులవారీగా చరిచారట. పెళ్ళికూతురు ముఖం పక్కకి తిప్పుకుందని మా అమ్మ నవ్వుతూనే చెప్పేది. ఆ పెళ్ళికూతురు పోయి చాలా ఏళ్ళయింది. ముఖం తిప్పుకున్న కథ మాత్రం మిగిలింది.

ఖమీస్ మెడచుట్టూ ఎప్పుడూ ఒక తడి తువ్వాలు ఉండేది. ఇస్త్రీ వేడికని అనేవాడు. బట్టమీద నీళ్ళు చల్లడానికి అందరూ సీసాలు వాడుతుంటే ఆయన పాతకాలం పద్ధతే పట్టుకున్నాడు. గ్లాసెత్తి నోటినిండా నీళ్ళు పట్టి, మంచు కురిసినట్టు ఉఫ్‌మని ఊదేవాడు. “ఛీ, ఎంగిలి!” అని మా అమ్మ విసుక్కునేది. అయినా ఆయనలా మడత పెట్టేవాడు లేడని బట్టలు అక్కడికే పంపేది. ఎవరైనా “ఏం సిపాయీ, పండక్కి మెడ కడుక్కున్నావా?” అని అడిగితే ఖమీస్ గ్లాసెత్తేవాడు. నోట్లో నీళ్ళున్నవాడు జవాబు చెప్పక్కర్లేదు కదా. అది అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ ఏడాది ఉపవాసాల నెలలో ఆయన కూతురు నవాల్‌కి నిశ్చితార్థమైంది. పెళ్ళికొడుకు సబ్రీ, పక్క ఊరి బడిలో లెక్కలు చెబుతాడు. నెమ్మదస్తుడు. పండగ రోజు మిఠాయి పళ్ళెంతో వస్తానని కబురు పెట్టాడు. ఖమీస్ ఎదురుగా ఉన్న కాఫీ కొట్టుకి వెళ్ళి, యజమాని ఫర్‌గలీని జన్మలో మొదటిసారి ఒక సాయం అడిగాడు. పండగ బట్టలు తేవడానికి నేనెళ్ళినప్పుడు ఖమీసే చెప్పాడు.

“అబ్బాయి ముందు వద్దు హాజీ అన్నానమ్మా. ఈ ఒక్కరోజూ రోడ్డు దాటి రావద్దన్నాను. ‘నేను దాటను, ఎవణ్ణీ దాటనివ్వను, ఒట్టు’ అన్నాడు. మాటంటే మాటేలే ఆయనది.”

అలా అంటూ ఖమీస్ నవ్వాడు. ఆయన పళ్ళు నేను చూసింది ఆరోజే.

పండగనాడు ఇస్త్రీ కొట్లు మూసేస్తారు. సాయంత్రం పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళ కోసం ఖమీస్ తెరిచి ఉంచాడు. నాన్న జుబ్బా కోసం నేను వెళ్ళేసరికి సబ్రీ అప్పటికే వచ్చి, మిఠాయి పళ్ళెం మెట్లమీద పెట్టి, కొత్త తెల్లచొక్కాలో ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. కొట్టుపైన గదిలోంచి టీ వాసన వస్తోంది. ఎదురుగా కాఫీ కొట్టులో టీవీ హోరెత్తిపోతోంది.

“ఇలాంటి సినిమా మళ్ళీ పుట్టదురా. ఇప్పటివాళ్ళకి నవ్వించడం చేతకాదు” అంటున్నాడు ఫర్‌గలీ.

“నవ్వా? సిగ్గుచేటు!” అన్నాడు రైల్వేలో గుమాస్తాగా రిటైరైన వహ్దాన్. “సైన్యం పరువు తీసిన సినిమా. నేనైతే నిషేధించేవాణ్ణి.”

“నిషేధించేవాడివి ప్రతి ఏడూ ముందు కుర్చీలో ఎందుకు కూర్చుంటావయ్యా?”

“ఎంత దిగజారిందో చూద్దామని!”

“పోనిద్దురూ, సినిమా అంతా సాగదీత” అన్నాడు వెనకనుంచి ఓ కుర్రాడు. “ఆ చరుపుల సీనొక్కటే బావుంటుంది. అదొచ్చినప్పుడు లేపండి.”

సీను వచ్చింది. ఖమీస్ గ్లాసెత్తి నోటినిండా నీళ్ళు పట్టాడు, నాన్న జుబ్బా మీదికి వంగాడు. టీవీలో మొదటి చరుపు పడింది. రెండోది. కాఫీ కొట్టంతా గొంతు కలిపి లెక్కపెడుతోంది. ఫర్‌గలీ మాట తప్పలేదు. రోడ్డు దాటలేదు. గుమ్మంలో నిలబడి అక్కణ్ణుంచే కేకేశాడు.

“అల్లుడుగారూ! మీ మామగారు సినిమా స్టారని చెప్పారా మీకు? అదిగో, నాలుగోవాడు! చూడండి, చూడండి!”

సబ్రీ తిరిగి చూశాడు. చిన్నపిల్లాడి ముఖంలా వెలిగిపోయింది అతని ముఖం. “మామయ్యా! అది మీరా! మా నాన్నా నేనూ ఈ సీనుకి దొర్లి దొర్లి నవ్వేవాళ్ళం!”

“ఈరోజు మాకు అనుమతి లేదు బాబూ!” ఫర్‌గలీ గాల్లో చరిచి చూపించాడు. “ఇంటివాళ్ళే కానివ్వాలి. కానివ్వు, సందు అల్లుడివి కావాలా వద్దా?”

అందరూ చూస్తున్నారు. సబ్రీ మొహమాటంగా నవ్వాడు. కొత్తగా వచ్చినవాడు, ఈ మనుషుల్లో కలిసిపోవాలని ఉంది. తువ్వాలు కాస్త పక్కకి జరిపి, ఆ మెడ మీద చరిచాడు.

గట్టిగా కూడా కాదు. కానీ ఖమీస్ నోట్లో నీళ్ళు ఒక్కసారిగా బయటికొచ్చి సబ్రీ చొక్కా ఛాతీ అంతా తడిసిపోయింది. కాఫీ కొట్టు విరగబడి నవ్వింది. కుర్చీలు కొడుతున్నారు, ఈలలు వేస్తున్నారు. ఒకాయనకి పొగాకు పొగ అడ్డంపడి దగ్గు తెర వచ్చి, చొంగ గడ్డం మీదికి కారింది. అది తుడుచుకోకుండానే మళ్ళీ నవ్వాడు.

ఖమీస్ నోరు ఖాళీ అయింది. ఆయన రోడ్డువైపు తిరిగాడు.

“నేను నవ్వలేదు” అన్నాడు.

“ఏంటి సిపాయీ?”

“ఆ సినిమాలో. నేను నవ్వలేదు. ఉత్తుత్తిగా కొడితే చప్పుడు రావట్లేదని సినిమావాళ్ళు నిజంగా కొట్టించారు. టోపీ సరిగ్గా ఎగరలేదని మళ్ళీ, వెలుతురు చాల్లేదని మళ్ళీ. పొద్దున మొదలెడితే మధ్యాహ్నం నమాజు దాకా. చివరికి ఏడ్చాను. ఏడిస్తే, ‘ఇదే, ఇదే కావాలి’ అన్నారు. ఆ ముఖమే మీరు చూసేది.”

టీవీలో తరవాతి సీను మొదలైంది.

“నేను మొదటినుంచీ చెప్పట్లా?” అన్నాడు వహ్దాన్. “సైన్యం పరువు తీసిన సినిమా అని!”

“సినిమాని సినిమాలా చూడాలయ్యా” ఫర్‌గలీ విసుక్కున్నాడు. “పండగపూట ఇప్పుడెందుకు ఖమీస్ ఈ ఏడుపు? పోనీ నువ్వూ ఒకటి కొట్టు అతన్ని. చెల్లుకి చెల్లు!”

“కొట్టు, కొట్టు!” అని అందరూ అందుకున్నారు. వాళ్ళకి మళ్ళీ హుషారొచ్చింది.

సబ్రీ ముఖం పాలిపోయింది. “కొట్టండి మామయ్యా. నాకు తెలీదు. నిజంగా తెలీదు” అంటూ తల వంచాడు. పండక్కని మంగలి కొత్తగా గీసిన మెడ. ఇంకా పౌడరు కూడా పోలేదు. ఖమీస్ ఆ మెడని చూశాడు. ఆయన చేతులు బల్లమీదే ఉన్నాయి.

“చొక్కా విప్పు నాయనా” అన్నాడు. “తడిచొక్కాతో వీధిలోకి వెళ్ళకూడదు.”

సబ్రీ విప్పి ఇచ్చాడు. బనీనుతో ఆ గుమ్మంలో నిలబడ్డాడు. వెంటనే ఎదురుగా ఎవరో, “పెళ్ళికొడుక్కి ఎముకలే ఉన్నాయిరోయ్!” అన్నారు. ఇందాక కొట్టమన్న నోళ్ళే.

ఖమీస్ ఆ చొక్కాని తొందరపడకుండా ఇస్త్రీ చేశాడు. ముందు చేతులు, తరవాత ఛాతీ. కాలర్ తిరగేసి, లోపలివైపు ఒకసారి, పైన ఒకసారి ఒత్తాడు. ఈలోగా నవాల్ మెట్లు దిగి వచ్చింది. పైన కిటికీలోంచి అంతా చూసినట్టుంది. కుడిచేతి నిశ్చితార్థపు ఉంగరం తీసి, ఆ చొక్కా జేబులో వేసింది.

తండ్రి ఆమె వంక చూశాడు. వద్దంటాడేమో అనుకున్నాను. సబ్రీ కూడా అదే ఆశతో చూస్తున్నాడు. ఖమీస్ జేబు బొత్తాం పెట్టాడు.

“కాలర్ గట్టిగా నిలబడింది” అని చొక్కా అందించాడు. “అందరిలోకీ మెల్లగా కొట్టినవాడివి నువ్వే. కానీ ఇంక రాకు నాయనా.”

సబ్రీ తొడుక్కుని, మిఠాయి పళ్ళెం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. కాఫీ కొట్టులో అప్పుడే, ఒక చిన్న సరదాకి ఆడపిల్ల బతుకు పాడుచేసుకుందని ఒకరూ, ఖమీస్‌కి మొదటినుంచీ పొగరేనని మరొకరూ మొదలుపెట్టారు. ఖమీస్ తువ్వాలు తీసి మేకుకి తగిలించి, నాన్న జుబ్బా పూర్తి చేసి నాకిచ్చాడు.

“ఆలస్యమైందని చెప్పమ్మా మీ నాన్నకి.”

ఇంటికొచ్చాను. నాన్న టీవీ ముందు పండగ బిస్కట్లు తింటున్నాడు. మీసం మీద చక్కెర పొడి.

“ఇంతసేపా? మంచి సీను పోగొట్టుకున్నావే” అన్నాడు. “టీవీలో ఖమీస్ ఎలా తూలాడో చూడలేదుగా!”

జుబ్బా కుర్చీలో పడేసి లోపలికి వెళ్ళిపోయాను. మడత నలిగిందని నాన్న వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు.