చచ్చిన సిపాయి పొట్ట కదిలింది

తమ్ముడు పోయిన నెలకి నేను ఒక సినిమా కోసం వెతకడం మొదలుపెట్టాను. గొప్ప సినిమా ఏమీ కాదు. మాన్విలో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే ఒకతను మస్కి దగ్గరి గుట్టల్లో నాలుగు రోజులు తీసి నెట్‌లో పెట్టిన యుద్ధం సినిమా. అందులో మా తమ్ముడు చచ్చిన సిపాయి. వెల్లకిలా పడి పది పన్నెండు క్షణాలు కనిపిస్తాడు, అంతే.

ఇంట్లో వాడి ఫోటోలు బోలెడున్నాయి. కదిలే బొమ్మ మాత్రం ఒక్కటి కూడా లేదు. ఏ వేడుకైనా ఫోను పట్టుకుని తీసేది వాడే కాబట్టి అన్ని వీడియోల్లోనూ అందరం ఉన్నాం, వాడు లేడు. అందుకే ఆ పది క్షణాలు కావలసి వచ్చాయి. అవి దొరక్కుండా చేసింది నేనే. ఎలాగో చెప్పాలంటే ముందు నా నోటి సంగతి చెప్పాలి.

రాయచూరులో మా ఇంటి ముందుగదిలో నేను బట్టలు కుడతాను. చవక సినిమాలు అలవాటైంది ఆ పని వల్లే. హెమ్మింగ్ చేసేటప్పుడు కళ్ళు సూది మీద ఉండాలి, చెవులు ఖాళీ. పెద్ద సినిమాలు కళ్ళప్పగించి చూస్తే తప్ప అర్థం కావు. చవక సినిమాల్లో అన్నీ నోటితోనే చెబుతారు. దయ్యం వచ్చి తాను దయ్యాన్నని చెబుతుంది, ఎలా చచ్చిందో చెబుతుంది, ఎవరెవరిని చంపబోతుందో వరసగా చెబుతుంది. తల ఎత్తే పని లేదు. దారాల డబ్బాకి ఫోను ఆనించి పెట్టుకుంటే మధ్యాహ్నం భోజనం నుంచి సాయంత్రం చాయ్ దాకా రెండు సినిమాలు, నాలుగు జాకెట్లు అయిపోయేవి.

తల ఎత్తితేనే గొడవ. నాకు బట్టలు కనిపిస్తాయి. మాయలూ మంత్రాలూ ఉండే సినిమాల్లో రాజుగారి అంగీ సోఫా గుడ్డ. పోనీ, సోఫా గుడ్డే కట్టుకోనీ. రెండు భుజాల మీదా పువ్వు ఒకే చోట పడేలా కత్తిరించొద్దా? ఒక భుజం మీద నెమలి తల, రెండో దాని మీద నెమలి తోక. అలాంటివాడు మూడు లోకాలూ ఏలుతానంటే ఎవరు నమ్ముతారు? కంప్యూటర్లో చేసిన పాము బాగా లేదని అందరూ నవ్వుతారు గానీ పాముతో నాకు పేచీ లేదు. దాన్ని ఎవరూ కుట్టలేదు.

దయ్యాల సినిమాల్లో దయ్యానికి తెల్లచీర. దానికి ఫాల్ కుట్టి ఉంటుంది, భుజం మీద పిన్ను కూడా ఉంటుంది. గాల్లో ఎగిరేదానికి ఆ పిన్ను పెట్టిందెవరు? అయినా ఈ చవక సినిమాల్లో నాకు ఇష్టమైనవి దయ్యాలవే. ఒక తలుపు, కాస్త చీకటి, కిర్రుమనే చప్పుడు ఉంటే చాలు, మనిషి భయపడతాడు. చేతిలో పైసా లేకపోవడం అక్కడ లోపంగా కనిపించదు.

నాకు పడనివి యుద్ధం సినిమాలు. సిపాయిలందరికీ ఒకే కొలత, బక్కవాడికీ అదే, బొద్దువాడికీ అదే. చొక్కా మీద ఎర్ర రంగు పోసి గుండు తగిలిందంటారు. గుండు దిగితే ముందు చిరగాల్సింది బట్ట. అద్దె బట్టలు కదా, కత్తెరతో ఒక గాటు పెట్టడానికి వాళ్ళకి చేతులు రావు. ఇక శవాలు. దగ్గు ఆపుకునే శవాలు, ఈగ వాలితే రెప్ప కదిపే శవాలు. వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇవన్నీ తమ్ముడి దగ్గర వెళ్ళగక్కేదాన్ని. వాడు పత్తి మిల్లుకి బండి తోలేవాడు. వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడ. ఆదివారం వచ్చి మిషను పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు.

"ఊకె వంకలు పెడ్తవేందక్కా? పాపం, ఉన్నదాన్ల తీసిండ్రు," అనేవాడు.

"ఉన్నదాన్ల తీస్తే కండ్లు మూసుకొని తియ్యాల్నా?"

"నువ్వొక సిన్మా తియ్యి, తెలుస్తది."

మాన్వి వీడియో అతనికి సామాను గుట్టల దగ్గరికి చేర్చడానికి ఒక బండి కావలసి వచ్చింది. వీడు తోలుకుపోయాడు. ఆఖరి రోజు ఒక శవం తక్కువ పడిందట. వీడికి ఒక చొక్కా తొడిగి బండల మధ్య పడుకోబెట్టారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే సంబరమంతా వాడి ముఖంలోనే ఉంది.

సినిమా నెట్‌లోకి వచ్చిన రోజు నేనూ, తమ్ముడూ, మరదలూ ముగ్గురం నా మిషను దగ్గర కూర్చుని చూశాం. పొగ తేలిపోతుంటే వీడు కనిపించాడు. చేతులు చాపి, నోరు కొద్దిగా తెరిచి, చచ్చిపోయి ఉన్నాడు. పొట్ట మాత్రం హాయిగా లేస్తోంది, దిగుతోంది. మరదలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను పగలబడి నవ్వాను. అంతటితో ఊరుకుంటే పోయేది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని కింద ఒక కామెంటు పలికాను. "చచ్చినోని పొట్ట ఎగిరెగిరి పడ్తున్నది. పొద్దున మస్తు తిన్నట్టుండు. ఊపిరి ఆపుకోలేనోన్ని శవం చేసుడెందుకు?"

తమ్ముడు నవ్వాడు, తర్వాత తల గోక్కుంటూ అన్నాడు. "ఆ వీడియో పిలగాడు పరేషాన్ అయితడక్కా. తీసెయ్."

"ఉన్నమాటంటే ఉలుకెందుకు?" అన్నాను.

వాడు మళ్ళీ అడగలేదు. నేను తీసెయ్యలేదు. ఆ మాట జనానికి నచ్చింది, దాని కింద నవ్వు బొమ్మలు పడుతూనే ఉండేవి. కామెంట్లలో నా పేరుండదు, గులాబీ పువ్వు బొమ్మే ఉంటుంది. అయినా నాకు గర్వంగా ఉండేది.

ఎండలు ముదరక ముందే ఒక మధ్యాహ్నం తమ్ముడు బండి తోలుతూ ఛాతీ పట్టుకున్నాడు. బండిని జాగ్రత్తగా రోడ్డు పక్కకి తీసి, బ్రేకు వేసి మరీ స్టీరింగు మీదికి వాలాడని చూసినవాళ్ళు చెప్పారు. ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయింది. వాడికి నలభై కూడా నిండలేదు.

నెల తర్వాత మరదలు మొదటిసారి గడప దాటి నా దగ్గరికి వచ్చింది. చాలాసేపు గుడ్డముక్కలు ఏరుతూ కూర్చుంది.

"వదినా, ఆ సిన్మా ఒకసారి పెట్టవా?" అంది. "ఫోటోలల్ల ఆయన బొమ్మ లెక్కనే ఉన్నడు. అండ్ల ఊపిరి తీస్కుంటడు గద. ఒక్కసారి చూస్త."

పెడదామని చూస్తే సినిమా లేదు. పేరు కొట్టాం, ఊరి పేరు కొట్టాం, తెలుగులో కొట్టాం, కన్నడంలో కొట్టాం, వీధిలో చదువుకున్న పిల్లలందరికీ ఫోను ఇచ్చి వెతికించాం. ఎక్కడా లేదు. మరదలు "పోనీలే వదినా" అని లేచి వెళ్ళిపోయింది. ఆ గోడ అవతల ఆమె గిన్నెలు కడిగే చప్పుడు వింటూ నేను మిషను మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఆ తర్వాత కుట్టుపని సగం మానేశాను. ఎవరైనా పేరు మార్చి మళ్ళీ పెట్టారేమోనని, కనిపించిన ప్రతి చవక యుద్ధం సినిమానూ తెరిచాను. ఈసారి చెవులతో కాదు, కళ్ళతో చూశాను. శవాల ముఖాలు ఒక్కొక్కటే ఆపి చూశాను. మా వాడు ఎందులోనూ లేడు. ఒక దాంట్లో ఎవరో కుర్రవాడు ఈగ వాలితే రెప్ప కదిపాడు. వాడు బతికే ఉన్నాడని నాకు ఎంత సంతోషమయిందో, తర్వాత ఎంత ఏడ్చానో చెప్పలేను. అన్నేళ్ళు నేను తిట్టింది బతికున్న మనుషుల్ని బతికున్నందుకే.

తమ్ముడి కాగితాల్లో దొరికిన వీడియో అతని నంబరు పలకలేదు. ఒకరోజు తెల్లారగానే బస్సెక్కి మాన్వి పోయాను. షాపు షట్టరు దించి ఉంది. పక్క కొట్టు అతను నన్ను చూసి, "ఇవత్తు బరంగిల్ల అక్కా, గోరేబాళదాగ మదువి ఐతి," అన్నాడు. ఇవాళ రాడు, గోరేబాళలో పెళ్ళి ఉంది. మర్నాడు రావచ్చు కదా అని ఎవరైనా అంటారు. నా వల్ల కాలేదు. సింధనూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో, పిలవని పెళ్ళికి పోయాను.

అది కాలవ నీళ్ళ కోసం ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ పెళ్ళి. పందిట్లో ఒక పెద్దాయన ఎదురొచ్చి, "ఎవరి తాలూకండీ మీరు?" అని అడిగాడు.

"వీడియో ఆయన తాలూకు," అన్నాను.

"ఎవరి తాలూకైతే ఏంటండీ, ముందు భోజనానికి కూర్చోండి," అని విస్తరి ముందు కూర్చోబెట్టాడు. అన్నీ వడ్డించారు. తలంబ్రాలు అయ్యేదాకా వీడియో అతని వీపు వంకే చూస్తూ ఉన్నాను. కెమెరా దించగానే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నేను అనుకున్నంత పెద్దవాడు కాదు, పాతికేళ్ళుంటాయేమో.

"నీ సిన్మాల చచ్చిన సిపాయిగ పండుకున్నోని అక్కను," అన్నాను.

అతని ముఖం మారిపోయింది. "తెలిసిందక్కా. మట్టి చేసేనాడు రాలేకపోయిన. బంగారమసుంటి మనిషి."

"ఆ సిన్మా కావాలె తమ్మీ."

"అది తీసేసిన గదక్కా. ఎవరో గులాబి పువ్వు బొమ్మ పెట్టుకున్నామె కామెంటు రాసింది." అతను కళ్ళు దించుకుని నా మాటలన్నీ, పొట్ట దగ్గర్నుంచి శవం దాకా, ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాడు. "కొన్ని దినాలకు మా నాయన గూడ చదివిండు. నలుగుట్ల నామోషి అయింది. అదే దినం తీసేసిన."

చెప్పకుండా ఉండొచ్చు. అతనికి ఎప్పటికీ తెలియదు. కానీ అంత దూరం వచ్చి అబద్ధం మీద నిలబడి అడగడం నాకు చేతకాలేదు.

"ఆ కామెంటు రాసింది నేనే తమ్మీ. నా తమ్మునితోని పరాచికానికి రాసిన."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. అతను కెమెరా పట్టీని వేలికి చుట్టుకున్నాడు. "నువ్వు రాసిన దాన్ల తప్పేమున్నదక్కా? తప్పు నాది. సరిచేసి మల్ల పెడ్దామనుకున్న. చేసిన గూడ, పెట్టనీకె ధైర్నం చాలలే."

"తీసింది తీసినట్టు ఉందా?"

"లేదక్కా. పెండ్లిల్ల సీజన్ల జాగ చాలక డిస్కులన్ని సాఫ్ చేసిన. సరిచేసిందొక్కటే ఉంది. ఫికర్ చెయ్యకు, మీ తమ్ముడున్నడు అండ్ల. పూరా ఉన్నడు."

ఆ మాట చాలనుకున్నాను. అక్కడే నా ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు. అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. దారిలో తెరిచి చూడలేదు. మరదలి కంటే ముందు చూసే హక్కు నాకు లేదనిపించింది. బస్సులో ఫోను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. మరదలు ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చింది. ఎవరో చూడ్డానికి వస్తున్నట్టు బొట్టు లేని నుదుటిని కొంగుతో తుడుచుకుంది. ఇద్దరం మిషను దగ్గర కూర్చున్నాం. గుట్టలు వచ్చాయి, అరుపులు వచ్చాయి, పొగ వచ్చింది. పొగ తేలిపోతుంటే వాడు కనిపించాడు. చేతులు చాపి, నోరు కొద్దిగా తెరిచి ఉన్నాడు.

మరదలు ముందుకు వంగింది. "వదినా, ఆగినట్టుంది. మల్ల పెట్టు."

మళ్ళీ పెట్టాను. పొగ కదులుతోంది. వెనక గడ్డి కదులుతోంది. వాడు కదలడం లేదు. అప్పుడు నాకు అర్థమయింది. ఆ పిల్లవాడు వాడిని ఫోటో చేసి అక్కడే అతికించి, చుట్టూ మిగతావన్నీ కదలనిచ్చాడు. ఎవరూ వంక పెట్టకుండా సరిచేశాడు. పొట్ట లేవడం లేదు. ఆసుపత్రి బల్ల మీద ఎలా ఉన్నాడో అలా ఉన్నాడు.

మరదలు నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "ఒక్కోపారి గిట్లనే హ్యాంగ్ అయితది," అని దాన్ని ఆపేసి, కొంగుతో అద్దం తుడిచి, మళ్ళీ వేసింది. అది తెరుచుకునేదాకా దాని మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఫోన్ మంచిగనే ఉంది పిల్లా," అన్నాను. "ఊపిరి తీస్కుంటుండని నేనే వంక పెట్టిన."