సరిదిద్దిన మూతి

డ్రాయింగు మాస్టారు క్లాసులో అడుగు పెడుతూనే చేతులు రెండూ వెనక్కి కట్టుకుంటారు. బల్లల మధ్య తిరుగుతున్నంతసేపూ అవి అక్కడే ఉంటాయి. ఎవరికైనా బొమ్మలో చెవి కుదరకపోతే, తల పక్కకి తిప్పి తన చెవినే చూపిస్తారు. "చూసి చెయ్యమ్మా" అంటారు. అంతే. "మాస్టారికి సంకెళ్ళు వేశార్రా" అని వెనక బల్లవాళ్ళు నవ్వుకోవడం ఆయనకి వినబడుతూనే ఉంటుంది.

నాలుగేళ్ళ కిందట ఆ చేతులు ఊరుకునేవి కావు. గంట కొట్టకముందే వచ్చి, పిల్లలు సగంలో వదిలిన మట్టి బొమ్మల మీద తడిగుడ్డలు కప్పేవారు. మట్టి ఎండితే పని ఆగిపోతుంది, మరీ నానితే జారిపోతుంది. పనిలో పనిగా ఒకరి బొమ్మకి ముక్కు దిద్దేవారు, ఇంకొకరి చిత్రంలో నీడ వేసేవారు. ఎవరైనా గొణిగితే, "చెయ్యి తిరిగినవాడు దిద్దితే నీ సొమ్మేం పోయిందిరా?" అనేవారు. బహుమతులన్నీ ఆ బడికే వచ్చేవి. ప్రిన్సిపాలు గారికి అంతకన్నా ఏం కావాలి!

ఆ ఏడు తొమ్మిదో తరగతికి ఒక పని ఇచ్చారు: ఇంట్లోవాళ్ళలో ఎవరో ఒకరి తల మట్టితో చెయ్యాలి.

"మా నాన్నది చేస్తాను మాస్టారూ, జుట్టు లేదు, సగం పని తప్పుతుంది" అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. కిటికీ పక్క బల్ల దగ్గరి పిల్ల మాత్రం నవ్వలేదు. నోట్లో నాలుక లేని పిల్ల.

"మా నానమ్మది చేస్తాను" అంది.

"ఫోటో తెచ్చుకో."

"అక్కర్లేదు మాస్టారూ."

నుదురు, ముక్కు వచ్చేదాకా మాస్టారు చూశారు. ఆ తరవాత జ్వరమొచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టారు. గుడ్డలు తడపమని అటెండరుకి చెప్పి వెళ్ళారు. శనివారం బడి వదిలాక వచ్చి చూస్తే గది నేలంతా నీళ్ళు. ఆ మహానుభావుడు బొమ్మల మీద బకెట్టు కుమ్మరించినట్టుంది.

తలలన్నీ ఆ మధ్యాహ్నమే బట్టీలో పెట్టాలి. సోమవారం ప్రదర్శన. కాల్చేముందు ఒక్కొక్క తలనీ కోసి లోపలి మట్టి తోడెయ్యాలి, లేకపోతే వేడికి పగిలిపోతుంది. అది పిల్లల వల్ల కాదని మాస్టారే చేసేవారు. నానమ్మ తల చేతిలోకి తీసుకుని ఆగిపోయారు. ఎడమవైపు పెదవి కిందికి జారి ఉంది. ఆ పక్క కన్ను సగం మూసుకుపోయింది.

"అయ్యో, నీళ్ళకి జారిపోయిందే! పిల్ల కష్టమంతా మట్టిపాలు" అనుకున్నారు. తడి చేత్తో పెదవి పైకి నొక్కి, రెప్ప తెరిచి, చెంప నింపారు. పది నిమిషాల పని. ముఖం ముచ్చటగా కుదిరింది. మనసు తేలికపడి, ముందు తడి ఆరేలా సన్న సెగ పెట్టి బట్టీ మూశారు.

సోమవారం ఆ తలకే మొదటి బహుమతి వచ్చింది. తీసుకోవడానికి పిల్ల రాలేదు. ఆదివారం నానమ్మ చనిపోయిందని ఎవరో చెప్పారు.

గురువారం వచ్చింది. బల్ల మీది తలని చాలాసేపు చూసింది.

"ఇది మా నానమ్మ కాదు మాస్టారూ."

"నీదేనమ్మా. కొంచెం జారిపోతే నేనే సరిచేశాను."

"జారలేదు. పక్షవాతం వచ్చి నానమ్మ మూతే అంత. మూడేళ్ళు. నేనే చెంచాతో తాగించేదాన్ని, ఆ పక్కనించి కారిపోయేది, తుడిచేదాన్ని." తల వైపు వేలు చూపిస్తూ అంది: "ఈవిడ ఫోటోలో ఆవిడ. ఈవిడ నాకు తెలీదు."

కాలిన మట్టి మళ్ళీ వంగదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మాస్టారు కొత్త మట్టి పిసికి ఆ పిల్ల ముందు పెట్టారు. తను దూరంగా నిలబడ్డారు. మూడు వారాలపాటు రోజూ బడి వదిలాక కూర్చుంది. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ చెరిపేసింది. చివరిరోజు మట్టి ముద్ద చేసి, గుడ్డ కప్పేసింది.

"నాకు రావట్లేదు. మీరు పెట్టిన మూతే వస్తోంది" అంది. ఏడవలేదు. చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. మరుసటి ఏడు డ్రాయింగు వదిలేసి వేరే సబ్జెక్టు తీసుకుంది.

ఇంట్లో చెబితే భార్య అంది: "మన గోడమీది పటం పదేళ్ళుగా ఒరిగే ఉంది, దాన్ని చూసిన పాపాన పోలేదు. ఊళ్ళోవాళ్ళ మూతులే కావలసొచ్చాయా మీకు?" మర్నాడు ఆవిడే కుర్చీ వేసుకుని పటం సరిచెయ్యబోయింది. "ఉండనీవే" అన్నారు మాస్టారు. ఆవిడ దిగిపోయింది.

తల తీసుకెళ్ళమని ఆ పిల్లకి రెండుసార్లు కబురు పంపారు. రాలేదు. అది డ్రాయింగు గది బీరువా మీద, బహుమతి చీటీతో సహా ఉంది.

మాస్టారికి ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఇప్పుడు లోపలి మట్టి పిల్లలే తోడుకుంటారు. ఈ ఏడు పదమూడు తలలు బట్టీలోకి వెళ్ళాయి. నాలుగు పగిలిపోయాయి. బడికి బహుమతి రాలేదు.