పెద్దమ్మ పేరు మీద ఒక్క గారె

బుధవారం మధ్యాహ్నం బెల్లం మార్కెట్లో ఉండగా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. నాకు అన్నయ్య వరస. "అమ్మ పోయింది తమ్ముడూ," అన్నాడు. వారం రోజులు జ్వరం, ఎనభై దాటిన మనిషి, తట్టుకోలేకపోయింది. నేను ఎప్పుడని అడిగేలోగానే, "పెద్దకర్మకి గారెలూ బూరెలూ గట్టిగా పెట్టించాల. వంటమనిసికి కూడా సెప్పేసేను," అన్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు చీదర పుట్టింది.

పెద్దమ్మ నలభై ఏళ్ళు ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి వంట చేసింది. నాతవరం నుంచీ పాయకరావుపేట నుంచీ కూడా పిలుపులు వచ్చేవి. గారెలంటే ఆమె చేతి గారెలే. కానీ ఒకసారి గారెలు వేగిన నూనెని రెండోసారి పొయ్యి ఎక్కనిచ్చేది కాదు. చల్లారాక చెరకు బళ్ళవాళ్ళని పిలిచి ఇచ్చేసేది. "ఇరుసుకి రాసుకోండి. మనిసికి పెట్టేది కాదిది," అనేది. అంత నూనె పాడుచేస్తుందని కొందరు ఆమెను పిలవడమే మానేశారు. పెద్దమ్మ మాత్రం పద్ధతి మార్చుకోలేదు.

ఆరేళ్ళ కిందట నా గుండెకి స్టెంట్ వేశారు. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే పెద్దమ్మ సంచీతో దిగి, రెండు నెలలు ఉండిపోయింది. ముందుగా ఆవకాయ జాడీ పక్కింటికి పంపేసింది. నా భార్య చేతికి ఒక చిన్న చెంచా ఇచ్చి, "నూనె పూటకి ఇదేనమ్మా. డబ్బా ఎత్తి వంపకు," అంది. పొద్దున్నే సోడి అంబలి, అంటే రాగులదే, పక్కన ఉల్లిపాయ ముక్క. మధ్యాహ్నం ముడిబియ్యం అన్నం, పప్పు, తోటకూర. సాయంత్రం ఉలవ గుగ్గిళ్ళు. మొదటి వారం గడ్డి మేస్తున్నట్టే ఉంది, ఆ మాటే అన్నాను. "నాలిక్కి అయిదు నిమిసాల సరదారా. గుండికి సెలవు లేదు. ముందు దానికి పెట్టు," అంది. నెల తిరిగేసరికి నాకు ఆ తోటకూరే రుచిగా అనిపించింది. ఇప్పుడు ఆస్పత్రి మెట్లు ఆగకుండా ఎక్కుతున్నానంటే అది ఆమె పెట్టిన తిండే.

మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, తరవాత వచ్చినప్పుడల్లా ఆమెకో అలవాటు ఉండేది. నేను బజారు నుంచి రాగానే గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని, "సెయ్యి ఇటియ్యి," అనేది. వేళ్ళు వాసన చూసేది. ఓసారి బజ్జీలు తిని, సబ్బుతో కడుక్కుని వచ్చి, ఏమీ తినలేదన్నాను. వాసన చూసి, "మిరపకాయ బజ్జీ. నిన్నటి నూని," అంది. పీట మీంచి లేస్తూ, "నాతో అబద్ధమాడేవు, సరే. కడుపులోకెళ్ళిందానికి ఏటి సెప్తావురా?" అంది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. నేను మళ్ళీ బజ్జీల బండి దగ్గర ఆగలేదు.

పెద్దకర్మ నాడు షామియానా వెనక్కి వెళ్ళాను. బాండీలో నూనె టీ డికాషన్ రంగులో ఉంది. పైన నల్లటి నురగ. వాసనకి ముక్కు మూసుకున్నాను. ఇదేమిటని వంటమనిషిని అడిగితే, "నిన్న పెళ్ళిలో వాడిందే బాబూ. బాగానే ఉంది కదా, పారబోత్తామా ఏటి?" అన్నాడు. అన్నయ్యతో చెప్పాను. "ఈ రోజు గొడవెందుకు తమ్ముడూ, వచ్చినోళ్ళు సూత్తన్నారు," అన్నాడు. ఎదురుగా పెద్దమ్మ ఫోటో, దానికి దండ, ఆ ఫోటో మీదికే కమురు పొగ. నాకు ఒళ్ళు మండింది.

మీరూ ఇలాంటి బంతిలో కూర్చునే ఉంటారు. వద్దంటే చిన్నబుచ్చినట్టు, ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే పొగరన్నట్టు చూస్తారు. అన్నయ్యే గారెల పళ్ళెం పట్టుకుని వచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టాను. "అమ్మ పేరు మీద ఒక్కటి తిను. ఒక్కదానికి ఏటయిపోద్ది?" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు. పక్కవాళ్ళందరూ తలలు తిప్పారు. నేను చెయ్యి తీసేశాను.

ఒక్కటి కాదు, రెండు తిన్నాను. ఆ మురికి నూనె చూసి, దాని సంగతి తెలిసి, నన్ను బతికించిన మనిషి ఫోటో ముందు కూర్చుని తిన్నాను. వంటమనిషి మీదా అన్నయ్య మీదా కలిగిన అసహ్యం ఒక ఎత్తు, నా మొహమాటం మీద కలిగింది ఒక ఎత్తు.

కుళాయి దగ్గర మూడుసార్లు సబ్బు పెట్టి కడిగాను. ఇంటికి చేరేసరికి గుమ్మం దగ్గర ముక్కాలి పీట ఖాళీగా ఉంది. నేను దాని ముందు ఆగి, అలవాటు కొద్దీ చెయ్యి చాపాను. కాసేపటికి ఆ చేతిని నేనే ముక్కు దగ్గరకి తెచ్చుకున్నాను.