బోర్డు మీద ఒంటి అక్షరం

నా చిన్నప్పుడు పుదుచ్చేరిలో మా తాతయ్యకు తుపాకులు బాగుచేసే కొట్టు ఉండేది. ఆయనకు చూపు తగ్గాక పనంతా మా మేనత్తే చేసేది. పెళ్లి వద్దంటే వద్దని తేల్చేసిన మనిషి ఆమె. తుపాకి విప్పి, తుడిచి, స్ప్రింగు మార్చి బిగించేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు.

తాతయ్య పోయాక తెలిసింది, కొట్టు పిల్లలకు వస్తుంది గానీ లైసెన్సు రాదని. అది ఎవరి పేరున ఉంటే వాళ్లతోనే పోతుందట. రిపేరుకు వచ్చిన తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాం. మళ్లీ లైసెన్సు కావాలంటే పని వచ్చని చూపాలి, గట్టి తాళాల గది ఉండాలి, పోలీసు విచారణ జరగాలి.

మా నాన్న అత్తకు తమ్ముడు. బట్టల కొట్టులో పనిచేసేవాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. లైసెన్సు తన పేరున అడుగుదామన్నాడు.

"ఆడమనిషికి తుపాకీ లైసెన్సు యాడిస్తారక్కా? పని నువ్వే చెయ్యి. ఇద్దరికీ ఇనిషియల్ ఒకటే కదా, పేరు ఎవరిదైతే ఏంది?"

మా ఊళ్లో ఇంటిపేరు వాడరు. తండ్రి పేరులోని మొదటి అక్షరమే మన పేరుకు ముందుంటుంది.

"ఇనిషియల్ నాయనది. పేరు నాది" అంది అత్త.

దరఖాస్తు తన పేరునే పెట్టింది. లైసెన్సులిచ్చే ఆఫీసులో నవ్వారట. కొట్టు దగ్గరికొచ్చి నిచ్చెన వేసుకుని, బోర్డు మీద తాతయ్య పేరులో మొదటి అక్షరం వదిలేసి మిగతాదంతా నల్లరంగు పూసేసింది. ఆ ఒంటి అక్షరం కింద రోజూ కొట్టు తెరిచి, ఖాళీ బల్ల ముందు కూర్చునేది. వీధిలో అందరికీ అదో వేడుకైపోయింది.

ఒకరోజు మురుంగపాక్కం నుంచి పాత ఖాతాదారు, ఒక రైతు, వచ్చాడు. అడవి పందులు వేరుశనగ చేను తవ్వేస్తున్నాయని, లోపలి గదిలో తుపాకి బాగుచేసిపెట్టమని బతిమాలాడు. ఆయన తుపాకికి కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేనిది అత్తకే. తుపాకి ముట్టకుండానే పంపేసింది. ఎవరు చూస్తారని నేను కోపంగా అడిగాను.

"ఈపొద్దు దొంగగా ముట్టుకుంటే, రేపు లైసెన్సు ఇయ్యమని గట్టిగా అడిగే నోరు నాకుండదే పిల్లా."

చివరికి కొట్టు చూడటానికి ఒక అధికారి వచ్చాడు. తాళాల గది చూశాడు. అత్తను దాటుకుని నాన్న వైపు తిరిగి, అసలు పని చేసేదెవరని అడిగాడు. నాన్న 'నేనే' అంటే అక్కడితో అత్త కథ ముగిసిపోయేది.

"మా అక్క సార్. నాకు స్క్రూ తిప్పడం కూడా రాదు" అన్నాడు నాన్న. మాట తడబడలేదు.

లైసెన్సు వచ్చిన రోజు తాతయ్య అక్షరం పక్కన అత్త తన పేరు తానే రాసుకుంది. వంకరగా వచ్చింది. పెయింటరుతో దిద్దిద్దామంటే ససేమిరా అంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. పెళ్లయినా నాన్న ఇనిషియల్ తీసి మా ఆయనది పెట్టుకోలేదు. మొన్న లాస్‌పేటలో నా ట్యూషన్ సెంటరుకు మా అబ్బాయి పేరు పెడితే బాగుంటుందని ఎవరో సలహా ఇచ్చారు. నిచ్చెన తెప్పించి, బోర్డు నేనే రాశాను. ఇనిషియల్ 'మా అక్క సార్' అన్న మా నాన్నది. పేరు నాది.